రైక్స్‌మ్యూజియం, మెట్ ఉచిత బొమ్మలు: అనంతపురంలో ఒక పశువుల డాక్టరు వాడి చూసి రాసిన రివ్యూ

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం, న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియం (అందరూ మెట్ అంటారు) తమ దగ్గరున్న పాత బొమ్మల్లో కాపీరైటు తీరిపోయినవాటిని పెద్ద సైజు ఫైళ్ళుగా నెట్‌లో ఉచితంగా ఇస్తున్నాయి. డబ్బు కట్టక్కర్లేదు, పర్మిషన్ కోసం ఎవరికీ ఉత్తరం రాయక్కర్లేదు. వాటిలోంచి నేను దింపుకున్నవి 17వ శతాబ్దపు ఎచింగులు, అంటే రాగి రేకు మీద సూదితో గీసి, ఆసిడ్‌తో ఆ గీతలు లోతు చేసి అచ్చు తీసిన బొమ్మలు. చెట్ల నీడ, వాగు, దూరంగా కొండలు, నింపాదిగా మేసే పశువులు, పక్కన కాపరి, ఇవీ వాటిలో ఉండేవి. అనంతపురంలోనే ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి, మా పశువుల ఆసుపత్రి హాల్లో పెట్టాను. ఏ బొమ్మ ఎంచుకోవాలి, ఎందుకు, ప్రింటు దగ్గర ఎక్కడ చెడుతుంది అన్నవన్నీ రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను, మ్యూజియంల సేవకు ఐదుకు ఐదు మార్కులు.

మా హాలు గోడల మీద ఇంతకుముందు గాలికుంటు టీకాల షెడ్యూలు, నట్టల మందు మోతాదుల చార్టు, చిటుక రోగం లక్షణాల పోస్టరు తప్ప ఏమీ ఉండేవి కావు. అవన్నీ అవసరమే. కానీ గొర్రెను ఒడిలో పట్టుకుని గంటసేపు కూర్చునే మనిషి వాటిని ఎంతసేపని చూస్తాడు? సీనరీ క్యాలెండర్లు నాకు నచ్చవు. స్విస్ కొండల ఫోటోలో ఉన్న ఆవును ఎవరూ దగ్గరగా చూసి తీసి ఉండరు. పశువును చూడటం తెలిసినవాళ్ళు గీసిన బొమ్మ కావాలనిపించింది. అలా వెతుకుతూ ఈ ఎచింగుల దగ్గర ఆగాను.

సేవ సంగతి క్లుప్తంగా. రైక్స్‌మ్యూజియం 2012లో 1,25,000 బొమ్మలతో రైక్స్‌స్టూడియో అనే పేరుతో ఈ పని మొదలుపెట్టింది. మెట్ 2017 ఫిబ్రవరిలో 3,75,000కు పైగా బొమ్మలను ఎలాంటి షరతులూ లేకుండా వదిలేసింది. ఇంట్లో పెట్టుకోవచ్చు, పుస్తకంలో వేసుకోవచ్చు, అమ్ముకున్నా అభ్యంతరం లేదు. వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ కూడా ఇలాగే ఇస్తుంది. బ్రిటిష్ మ్యూజియంలో మాత్రం వ్యాపారానికి వాడకూడదన్న షరతు ఉంది, అది గుర్తుపెట్టుకోండి. మెట్ సైటులో బొమ్మ కింద పబ్లిక్ డొమైన్ అన్న గుర్తు ఉంటే దింపుకోవచ్చని అర్థం. ఫోను కన్నా కంప్యూటర్లో చూడటం మేలు, ఎందుకంటే అసలు సంతోషమంతా జూమ్ చేయడంలోనే ఉంది.

మొదట దింపాల్సింది క్లాడ్ లొరేన్ అనే చిత్రకారుడు వేసిన 'ఆవుల కాపరి'. ఫ్రెంచిలో దీని పేరు 'ల బువియే'. 1636 నాటిది. క్లాడ్ పుట్టింది ఇప్పటి ఫ్రాన్స్‌లోని లొరేన్ ప్రాంతంలో, బతుకంతా దాదాపు రోమ్‌లోనే గడిచింది, 1682లో అక్కడే పోయాడు. పేరంతా తైలవర్ణ చిత్రాల వల్లే వచ్చింది. కానీ చేత్తో పట్టుకుని చూసే ఈ చిన్న ఎచింగే నాకు ఆయన పనిలో అన్నిటికన్నా దగ్గరగా అనిపిస్తుంది. సుమారు 13 సెంటీమీటర్ల ఎత్తు, 20 సెంటీమీటర్ల వెడల్పు, అంతే. ఆ కాస్త చోటులోనే పెద్ద చెట్ల గుంపు, వాగు, పశువులు, ఒడ్డున కూర్చున్న కాపరి, వెనక తెరుచుకున్న ఆకాశం అన్నీ ఉన్నాయి.

జూమ్ చేసి చెట్ల కొమ్మల దగ్గరికి వెళ్ళండి. ఆకు ఆకుగా గీసిందేమీ ఉండదు. చిన్న చిన్న వంపు గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, అంచుల్లో మాత్రం పలచబడి విడివిడిగా తేలతాయి. అక్కడే వెలుతురు ఆకుల్లోంచి దూరి వస్తున్నట్టు కనబడుతుంది. దూరపు కొండల దగ్గర గీత ఎంత సన్నగా ఉంటుందంటే, కాగితం మీద ఊపిరి తగిలి మసకేసినట్టే ఉంటుంది. ఇది సిరా పలచన చేస్తే వచ్చింది కాదు. రాగి రేకు మీద మైనంలాంటి పూత పూసి, సూదితో ఆ పూతను గీరి, రేకును ఆసిడ్‌లో ముంచుతారు. గీరిన చోటే ఆసిడ్ రాగిని తినేస్తుంది. దూరపు కొండలు చాలనుకున్నప్పుడు రేకు బయటికి తీసి, ఆ భాగం మీద వార్నిష్ పూసి మూసేసి, మళ్ళీ ముంచుతారు. దగ్గరి చెట్లకు ఆసిడ్ ఎక్కువసేపు తగులుతుంది, గీత లోతు పెరుగుతుంది, సిరా ఎక్కువ పడుతుంది. అంటే ఈ బొమ్మలో దూరం, దగ్గర అనేవి ఆసిడ్‌లో ఎన్ని నిమిషాలు ఉంచాలన్న లెక్క మీద నడిచాయి. 1645లో పారిస్‌లో అబ్రహామ్ బోస్ అనే ఆయన ఈ పద్ధతి అంతా పుస్తకంగా రాశాడు. ఉలితో రాగిని చెక్కే ఎన్‌గ్రేవింగుకు ఏళ్ళ తరబడి శిక్షణ కావాలి. ఎచింగులో సూది కలంలా తిరుగుతుంది కాబట్టి చిత్రకారులు నేరుగా తామే దిగారు. ఆ శతాబ్దంలో ఇన్ని మంచి ప్రకృతి దృశ్యాలు అచ్చయి చేతులు మారడానికి అదొక పెద్ద కారణం.

ఈ బొమ్మలు చూసి 'ఇదంతా కల్పన, ఇంత పచ్చగా ఎక్కడుంటుంది' అనేవాళ్ళున్నారు. కల్పనే, కాదనను. క్లాడ్ చూపించింది రోమ్ చుట్టూ ఉన్న కంపాన్యా మైదానం. నిజంగా ఆ మైదానం అప్పట్లో సగం ఖాళీగా పడి ఉండేది, కారణం మలేరియా. జ్వరానికి భయపడి జనం ఊళ్ళు వదిలిపోయారు, పాత రోమన్ కట్టడాలు కూలిపోయి గడ్డి మొలిచింది. ఆ జ్వరానికీ దోమకూ ఉన్న సంబంధం బయటపడింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. నాలాంటి చదువు చదివిన మనిషికి ఈ సంబంధం భలే ఇష్టంగా ఉంటుంది.

ఖాళీ మైదానం పశువులకు మాత్రం పనికొచ్చింది. చలికాలం రాగానే అపెనైన్ కొండల నుంచి గొర్రెల మందలు కంపాన్యాకు దిగేవి, ఎండలు ముదిరాక మళ్ళీ కొండలెక్కేవి. పోపు ప్రభుత్వం మేతకు పన్ను వసూలు చేసేది. ఇది చదివినప్పుడు నాకు మన మందలే కళ్ళ ముందు కదిలాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ అనంతపురం నేల నుంచి, మేత అయిపోగానే మందలు కదిలి తుంగభద్ర కాలువల కింద కోతలైన పొలాలకు పోతాయి. రాత్రికి ఎవరో ఒక రైతు చేలో మంద కడతారు, ఎరువు ఆయనకు, మేత వీళ్ళకు. క్లాడ్ బొమ్మలో వాగు ఒడ్డున కూర్చున్న కాపరి కూడా ఏదో ఒక దారి మధ్యలో ఉన్నవాడే అనుకుంటాను. చుట్టూ ఉన్న కష్టమంతా చూపించకుండా, నీళ్ళు దొరికి మంద కుదుటపడిన ఒక్క వేళను తీసుకుని చిత్రకారుడు దాన్ని నిలబెట్టాడు. ఆ వేళ అబద్ధం కాదు. మన కాపర్లకూ రోజులో అలాంటి గంట ఒకటి ఉంటుంది.

పైగా క్లాడ్ ఇంట్లో కూర్చుని ఊహించి వేసినవాడు కాదు. ఆయన స్నేహితుడైన జర్మన్ చిత్రకారుడు యోఆఖిమ్ ఫన్ సాండ్రార్ట్ 1675లో అచ్చయిన పుస్తకంలో ఆయన గురించి రాశాడు. క్లాడ్ తెల్లవారక ముందే పొలాల్లోకి పోయి, పొద్దు పొడవడం, కుంకడం చూస్తూ పడి ఉండేవాడట. అందుకే ఆయన వెలుతురును నమ్ముతాను. ఆవుల విషయంలో మాత్రం పశువుల డాక్టరుగా కొంచెం ఫిర్యాదు ఉంది. క్లాడ్ ఆవులు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఈనిన ఆవా, చూడి ఆవా, ముసలిదా అని ఎంత చూసినా తేల్చలేం.

ఆవులు కావాలంటే డచ్చివాళ్ళ దగ్గరికి పోవాలి. వాళ్ళ దగ్గర లెక్క తిరగబడుతుంది. ఇటలీ కొండలు, వెచ్చటి ఎండ, శిథిలాలు అరువు తెచ్చుకున్నవి, పశువు మాత్రం సొంతంగా కళ్ళతో చూసినది. యాన్ బోత్ రోమ్‌లో ఉండి తిరిగి ఉట్రెక్ట్ వెళ్ళి ఆ ఎండను ఎచింగుల్లో పెట్టాడు, 1652లో చిన్న వయసులోనే పోయాడు. హార్లెమ్‌కు చెందిన నికొలాస్ బెర్ఖెమ్ జీవితమంతా ఇటలీ కాపర్లనే గీశాడు. అసలు ఆయన ఇటలీ వెళ్ళాడా లేదా అన్నది పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. వెళ్ళినా వెళ్ళకపోయినా ఆవును మాత్రం బాగా ఎరుగును. 1680 నాటి 'నీళ్ళు తాగే ఆవు' ఆయనదే. మూత్రం పోస్తున్న ఆవును కూడా ఒక ఎచింగులో పెట్టాడు. అందమైన పల్లె దృశ్యం మధ్యలో ఆ పని చేస్తున్న ఆవు! నాకు నవ్వు రాలేదు, గౌరవం కలిగింది. పశువు ఆరోగ్యంగా ఉందా లేదా అని మేము మొదట అడిగేవాటిలో అదొకటి. అందం కోసం దాన్ని దాచని మనిషి పశువుల మధ్య తిరిగినవాడే.

ఇక పౌలస్ పాటర్. 28 ఏళ్ళకే, 1654లో చనిపోయాడు. 1650 నాటి ఆవులు, ఎద్దుల సిరీస్ ఎనిమిది బొమ్మలు తప్పకుండా దింపుకోండి. పడుకున్న ఆవు ముందు కాళ్ళు ఎలా మడుస్తుంది, తుంటి ఎముక చర్మాన్ని ఎక్కడ ఎత్తుతుంది, మెడ దగ్గర ముడతలు ఎలా పడతాయి, అన్నీ ఉన్నాయి. పక్కటెముకలు చూసి ఒంటికండ ఎలా ఉందో మార్కులు వేయొచ్చు. పశువైద్యం చదివే పిల్లలకు ఈ సిరీస్ చూపించి 'ఈ పశువు పరిస్థితి చెప్పండి' అని అడగాలని నాకు ఎప్పటినుంచో ఉంది. ఆయన పెద్ద పెయింటింగులోని కోడె మీద మాత్రం, వేర్వేరు వయసుల పశువుల భాగాలు ఒకే దానికి అతికించాడన్న విమర్శ ఉంది. ఎచింగుల్లో నాకు ఆ అనుమానం రాలేదు.

మేకలు, గొర్రెలు, పందులు, గాడిదలు కావాలంటే కరెల్ దుజార్డిన్. ఈయన ఎచింగులు యాభై పైచిలుకు ఉన్నాయి. మా హాల్లో జనం ఎక్కువసేపు నిలబడి చూసేది ఈయన బొమ్మల దగ్గరే, ఎందుకంటే మేకలు మేకల్లాగే ఉంటాయి.

జెనోవాకు చెందిన జొవాన్ని బెనెదెత్తో కాస్టిలియోనె గురించి తెలుగులో ఎవరూ చెప్పగా వినలేదు, కాబట్టి నేను చెబుతాను. 1609లో పుట్టి 1664లో పోయాడు. రాగి రేకు మీద నేరుగా సిరాతో బొమ్మ వేసి ఒక్కటే అచ్చు తీసే మోనోటైపు పద్ధతి ఈయనతోనే మొదలైందంటారు. నాకు కావలసింది అది కాదు, ఆయన వలసలు. బైబిల్లోని పితరుల ప్రయాణాలు, నోవహు ఓడలోకి పశువుల్ని తోలడం అన్న పేర్ల కింద ఆయన మళ్ళీ మళ్ళీ గీసింది ఒకటే, సామానుతో సహా కదిలిపోతున్న మంద. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, గిన్నెలూ బిందెలూ కుప్పగా ఉంటాయి, గాడిద మీద బరువు ఉంటుంది. ఇక్కడ ఎవరూ తీరిగ్గా కూర్చోరు. పల్లె అందం గురించి బొమ్మలు కొనే ఎవరికైనా క్లాడ్ పక్కనే కాస్టిలియోనెను పెట్టుకోమని చెబుతాను.

వెతికేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, క్లాడ్ పేరు కొడితే గోధుమరంగులో మెత్తగా ఉండే బొమ్మలు చాలా వస్తాయి. అవి ఆయన చేత్తో చేసినవి కావు. తన పెయింటింగులకు గుర్తుగా క్లాడ్ ఒక పుస్తకంలో డ్రాయింగులు వేసి పెట్టుకున్నాడు, అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ డ్రాయింగులను చూసి రిచర్డ్ ఎర్లమ్ అనే ఇంగ్లీషాయన చేసిన ముద్రలు లండన్‌లో 1777లో వెలువడ్డాయి. బాగానే ఉంటాయి, కానీ ఆ సూది గీత వాటిలో ఉండదు. రెండు, ఒకే ఎచింగు కాపీలు వేర్వేరు మ్యూజియాల్లో ఉంటాయి, అన్నీ ఒకలా ఉండవు. రాగి రేకు అచ్చు తీసేకొద్దీ అరుగుతుంది. క్లాడ్ రేకులతో ఆయన పోయిన చాలా కాలం తర్వాత కూడా అచ్చులు తీశారు. చెట్ల కింద నీడ నల్లగా, నిండుగా ఉన్న కాపీని ఎంచుకోండి. నీడ బూడిద రంగుకు తిరిగి, దూరపు కొండలు మాయమైపోతే అది అరిగిన రేకు.

ఇప్పుడు ప్రింటు. టెన్షన్ అంతా ఇక్కడే. టౌన్లో నేను మొదట వెళ్ళిన షాపులో (పేరు రాయను) కుర్రాడు పనిమంతుడే, కానీ పెళ్ళి ఆల్బముల అలవాటు కొద్దీ ఫైలు తెరవగానే కాంట్రాస్టు పెంచేశాడు. పాత కాగితం లేత పసుపును 'మరక' అనుకుని తెల్లగా చేశాడు. దాంతో క్లాడ్ ఆకాశం మొత్తం పోయింది. కొండల గీతలు ఆ తెలుపులో కలిసిపోయాయి. పైగా మెరిసే ఫోటో పేపరు, ట్యూబులైటు వెలుగు దాని మీద పడి కాపరి కనబడడు. డబ్బులిచ్చి బయటికొచ్చాను.

రెండో షాపులో ముందే గట్టిగా చెప్పాను, 'బాబూ, ఏమీ దిద్దొద్దు, ఫైలు ఎలా ఉంటే అలాగే కొట్టు' అని. మ్యాట్ పేపరు, కాస్త మందంగా ఉన్నది, తెల్లగా మెరవనిది అడిగాను. లెక్క మీరు కూడా వేసుకుని వెళ్ళండి. 'ఆవుల కాపరి' అసలు సైజులో, అంగుళానికి 300 చుక్కల చొప్పున రావాలంటే సుమారు 1535 బై 2362 పిక్సెళ్ళు చాలు. ఎ3 సైజుకు 3508 బై 4961 కావాలి. మ్యూజియం ఫైలులో పిక్సెళ్ళు ఎన్ని ఉన్నాయో చూసుకుంటే షాపులో వాదన ఉండదు. ఎ3కు పెంచొచ్చు కదా అంటారు. పెంచి చూశాను, గీతలు తాళ్ళలా అయ్యాయి. ఇవి ఆల్బముల్లో పెట్టుకుని, ఒళ్ళో పరుచుకుని చూసిన బొమ్మలు. అసలు సైజులోనే ఉంచి, చుట్టూ వెడల్పుగా మౌంటు బోర్డు (దళసరి అట్ట) వదిలితే నిండుగా ఉంటుంది. ఫ్లెక్సు మాట ఎత్తకండి.

ఫ్రేము పాతూరులో కట్టించాను. దేవుడి పటాలు, పెళ్ళి ఫోటోలు కట్టే షాపు. ఆయన మొదట బంగారు రంగు పట్టీ చూపించి, 'పటానికి కళ వస్తుంది మేడమ్' అన్నాడు. సన్నటి నల్ల చెక్క అడిగితే కొంచెం నిరాశపడ్డాడు, కానీ కట్టిన తీరులో వంక పెట్టడానికి లేదు. వెనక చెద పట్టకుండా టేపు కూడా వేశాడు. అద్దానికీ కాగితానికీ మధ్య ఖాళీ ఉండేలా మౌంటు పెట్టమని మాత్రం మీరే చెప్పాలి, లేకపోతే వానాకాలం కాగితం అద్దానికి అతుక్కుంటుంది.

ఎత్తు గురించి ఒక మాట. మనం పటాలు తలెత్తి చూసేలా పైన కొడతాం. ఇవి అలా పెడితే దండగ. కూర్చున్న మనిషి కంటికి ఎదురుగా, మూరెడు దూరంలో ఉండాలి. మా హాల్లో బెంచీ పక్క గోడకు, నట్టల మందు చార్టు కింద వరసగా పెట్టాను.

అలా పెట్టాక ఏమయిందంటే, జనం వాటితో మాట్లాడటం మొదలుపెట్టారు. కాళ్ళ పుండ్లకు పొట్టేలును తెచ్చిన ఒక పెద్దాయన క్లాడ్ బొమ్మను చాలాసేపు చూసి, 'ఇది యా ఊరు డాక్టరమ్మా? ఇంత మ్యాత యాడ దొరుకుతాంది?' అన్నాడు. ఇటలీ అని చెప్పాను. 'పొద్దు గూకతాంది. మంద ఇంటికి తోలాల. ఈయన ఇంకా కూసోనే ఉండాడే' అని కాపరి గురించి బెంగపడ్డాడు. చిత్రకళ పుస్తకాలు ఈ బొమ్మలో వెలుతురు గురించి రాస్తాయి, ఆయన ఆ వెలుతురును గడియారంలా చదివాడు. ఇంకొకామె పాటర్ ఆవు చూసి, 'మూపురం ల్యాదే మేడమ్, జెర్సీదా?' అంది. గంగడోలు కూడా లేదని నేను చూపిస్తే, మరి ఎండకు ఎట్ల తట్టుకుంటాదని అడిగింది. హాలండులో మనలాంటి ఎండ లేదని, మన నాటు పశువుకు అవి ఎందుకు పనికొస్తాయో అక్కడే నిలబడి పది నిమిషాలు మాట్లాడుకున్నాం. పోస్టరు పెట్టి చెబితే ఇంత వినరు.

ఖర్చు చెప్పమంటే, ఫైలుకు సున్నా, చిన్న ప్రింటు ఒక్కోదానికి 120 రూపాయలు, ఫ్రేము అంతకు మూడు నాలుగింతలు. ఎక్కువ పోయేది చెక్కకే కాబట్టి మంచి బొమ్మకే ఫ్రేము కట్టించండి.

తరువాత రెండు దింపి పెట్టుకున్నాను. ఒకటి క్లాడ్‌దే, 1650-51 ప్రాంతంలో వేసిన, గాలివాన ముంచుకొస్తుండగా నడిచిపోతున్న మంద. ఇది హాల్లోకే. వాన కోసం ఏడాదంతా ఎదురుచూసే మన కాపరి కూడా, మంద తడిస్తే జబ్బు చేస్తుందని అదే వానకు భయపడతాడు, కాబట్టి ఈ బొమ్మకు ఇక్కడ వివరణ అక్కర్లేదు. రెండోది పాటర్ 1652లో వేసిన గుర్రాల సిరీస్, ఐదు బొమ్మలు. నిండు వయసు గుర్రంతో మొదలై, పనికి అలిసిన గుర్రాల మీదుగా, కుక్కలు చేరిన చచ్చిన గుర్రం దగ్గర ముగుస్తుంది. పల్లె అందం అనే మాటకు పక్కనే ఇది కూడా ఉందని ఒప్పుకున్న చిత్రకారుడంటే నాకు ప్రేమ. కానీ జబ్బు పశువును తోలుకొచ్చి కంగారుగా కూర్చున్నవాళ్ళ ఎదురుగా ఆ ఐదోది పెట్టలేను. సిరీస్ మొత్తం నా గదిలో, మందుల బీరువా పక్కన పెట్టుకుంటాను. ఆ మ్యాట్ పేపరు అయిపోయిందట, వచ్చే వారం వస్తుందని షాపువాళ్ళు చెప్పారు.